పిల్లలయ్యాక సంచితో పనేముందంటారు

"పిల్లలయ్యారుగా నర్సమ్మ గారూ, ఇంకా ఆ సంచితో పనేముంది? తీయించేసుకుంటే పీడా పోతుంది." ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏఎన్‌ఎంగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ మాట వింటూనే ఉన్నాను. కొండపల్లి, జూపూడి, ఫెర్రీ, గుంటుపల్లి, ఏ ఊళ్ళో టీకాల రోజున కూర్చున్నా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తేవారు. ముసలమ్మలు కాదు అనేది. 32, 35 ఏళ్ళ వాళ్ళు. నడుంనొప్పి అంటారు, తెల్లబట్ట అంటారు, నెలసరి ఎక్కువవుతోందంటారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు పొట్ట మీద కుట్లతో కనిపిస్తారు.

మన రాష్ట్రంలో ఇది ఎంత మామూలైపోయిందో లెక్కలున్నాయి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారని తేలింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 3.2 శాతమే. 2019–21 సర్వేకి మనది 8.7 అయింది, దేశానిది 3.3. తెలంగాణ 7.7 నుంచి 8.2కి పెరిగింది. ఆ రెండు సర్వేల్లోనూ దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. ఈ లెక్కలో పదిహేనేళ్ళ పిల్లల్ని కూడా కలిపారు. నలభైల్లో ఉన్నవాళ్ళను మాత్రమే తీసుకుంటే శాతం ఇంకా ఎంతో పైకి వెళ్తుంది.

వీళ్ళలో తప్పనిసరై చేయించుకున్నవాళ్ళు ఉన్నారు. పెద్ద గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సర్ ఉన్నప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, దానికి నేను వ్యతిరేకిని కాదు. నా బాధల్లా తన ఒంట్లో ఏది ఎక్కడుందో, ఏం చేస్తుందో తెలియక కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళ గురించి. అందుకే ఇక్కడ ఒక స్కానింగ్ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడతాను. అది కొండపల్లిలో బొమ్మలకు రంగులు వేసే ఒకావిడది. 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, చిన్నాపరేషన్ అయింది. "సంచి వాచిందట, పుండు ఉందట, పక్కన గడ్డ కూడా ఉందట, తీయకపోతే క్యాన్సర్‌లోకి దిగుతుందట" అని వణికిపోతూ తెచ్చింది.

మొదటి లైనులో "బల్కీ యుటెరస్" అని ఉంది, పొడవు 9.5 సెంటీమీటర్లు. గర్భసంచి తలకిందులుగా పెట్టిన జామకాయలా ఉంటుంది, పైన వెడల్పు, కింద సన్నం. పిల్లలు పుట్టని ఆడమనిషిలో దాదాపు ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, 50–60 గ్రాముల బరువు. ముందువైపు మూత్రసంచి, వెనకవైపు పెద్దపేగు చివరి భాగం దాన్ని ఆనుకుని ఉంటాయి. కడుపుతో ఉన్న తొలి నెలల్లో మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాలనిపించడానికి ఈ ఇరుకు కూడా ఒక కారణం. దీని గోడంతా గట్టి కండరం. నెలలు నిండేసరికి ఆ కండరమే పెరిగి గర్భసంచి ఒక్కటే ఇంచుమించు కిలో తూగుతుంది. నొప్పులు వచ్చాయంటే ఆ కండరం ముడుచుకుంటోందని అర్థం. కాన్పయ్యాక ఆరు వారాల్లో మళ్ళీ కుంచించుకుపోతుంది కానీ కన్నెపిల్లప్పటి కొలతకు పూర్తిగా రాదు. ఇద్దరిని కన్న మనిషికి తొమ్మిది తొమ్మిదిన్నర ఉండటం సహజం. కాగితంలో "బల్కీ" అన్న ఆ మాట ఊళ్ళోకి వచ్చేసరికి "వాపు" అయిపోయింది.

రెండో లైను, "నబోథియన్ సిస్ట్". గర్భసంచి సన్నబడి యోనిలోకి దిగే చోటును సర్విక్స్ అంటారు, అంటే గర్భసంచి ముఖద్వారం. అక్కడ జిగురు తయారుచేసే చిన్నచిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలో ఒకటో రెండో మూసుకుపోయి బుడగ కడతాయి. కాన్పులైన ఆడవాళ్ళలో ఇది చాలా మామూలు. మందు కూడా అక్కర్లేదు. దీన్ని "పుండు" అని చెప్పడం నన్ను ఎప్పుడూ కోపానికి గురిచేసే విషయం. నిజానికి ఆ జిగురు చేసే పని చాలా గొప్పది. నెలలో ఎక్కువ రోజులు చిక్కగా ఉండి బయటి సూక్ష్మక్రిములు పైకి పోకుండా ఆపుతుంది. అండం విడుదలయ్యే రెండు మూడు రోజులు మాత్రం పలచబడి, గుడ్డులో తెల్లసొనలాగా సాగి, వీర్యకణాలకు దారిస్తుంది. ఆ రోజుల్లో తడి ఎక్కువగా కనిపిస్తే అది జబ్బు కాదు. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టు తెల్లగా రావడం, పచ్చగా రావడం, ఇవి ఉంటే ఇన్‌ఫెక్షన్. దానికి మాత్రలున్నాయి, అవసరమైతే భర్త కూడా వాడాలి. తెల్లబట్టకు సంచి తీయించుకోవడమేమిటి?

మూడో లైను, ఎండోమెట్రియం 9 మిల్లీమీటర్లు. నాలుగోది, ఎడమ అండాశయంలో 18 మిల్లీమీటర్ల ఫాలికల్. ఆవిడ చెప్పిన గడ్డ ఇదే.

"స్కానింగ్ తీసిన రోజుకి ముట్టయి ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

"పన్నెండో పదమూడో అయ్యుంటుందండీ."

నాకు నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. నెల మధ్యలో 18 మిల్లీమీటర్ల ఫాలికల్ అంటే అది ఒకట్రెండు రోజుల్లో పగిలి అండాన్ని వదలబోయే నీటిబుడగ. ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఆడమనిషిలో నెలనెలా వచ్చేదే. ఒంట్లో అంతా సవ్యంగా నడుస్తోందనడానికి సాక్ష్యం. దాన్ని చూసి ఆమె చావు గురించి ఆలోచిస్తోంది.

ఆ బుడగ కథ చాలా ముందే మొదలవుతుంది. తల్లి కడుపులో ఆడపిల్ల అయిదు నెలల పిండంగా ఉన్నప్పుడే ఆమె అండాశయాల్లో 60–70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేసరికి పది ఇరవై లక్షలు మిగులుతాయి, పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. కొత్తవి తయారుకావు. జీవితం మొత్తంలో బయటికి వచ్చేవి 400–500 మాత్రమే, మిగతావి వాటంతట అవే కరిగిపోతాయి. అంటే మీ అమ్మమ్మ మీ అమ్మను కడుపులో మోస్తున్నప్పుడే, మీరు పుట్టబోయే అండం కూడా అక్కడ ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు ఒక్క క్షణం తమ తల్లుల వైపు చూసుకునేవాళ్ళు.

పెత్తనం మాత్రం అండాశయానిది కాదు, తలలోది. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ ఉంది, దాని కింద పిట్యూటరీ గ్రంథి. హైపోథాలమస్ చెబితే పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను వదులుతుంది. అది రక్తంలో అండాశయానికి చేరి కొన్ని ఫాలికల్స్‌ను పెంచుతుంది. వాటిలో ఒకటి ముందుకొస్తుంది. పెరుగుతూ అది ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. ఆ ఈస్ట్రోజెన్ వల్లే గర్భసంచి లోపలిపొర, అదే ఎండోమెట్రియం, మందమవుతుంది. ముట్టు ఆగిన వెంటనే బాగా పలచగా ఉండేది, నెల మధ్యకు ఎనిమిది తొమ్మిదికి చేరుతుంది. ఆవిడ కాగితంలో ఉన్న తొమ్మిది సరిగ్గా అదే. ఈస్ట్రోజెన్ బాగా పెరిగాక పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది, బుడగ పగులుతుంది, మిల్లీమీటరులో పదోవంతు ఉండే అండం బయటపడుతుంది.

దాన్ని పది పన్నెండు సెంటీమీటర్ల పొడవుండే ట్యూబు తన వేళ్ళలాంటి అంచులతో అందుకుంటుంది. చిన్నాపరేషన్‌లో ముడివేసేది ఈ ట్యూబునే, గర్భసంచిని కాదు, అండాశయాన్ని కాదు. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా నెలసరి మామూలుగా వస్తుంది. అండం బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణం మాత్రం లోపల అయిదు రోజుల దాకా బతకగలదు. రెండూ కలిసేది ట్యూబు వెడల్పుగా ఉండే చోట. పిండం కణాలు విడిపోతూ మూడు నాలుగు రోజులకు గర్భసంచిలోకి దిగి, ఆరో రోజుకో ఏడో రోజుకో ఆ మెత్తటి పొరలో నాటుకోవడం మొదలుపెడుతుంది. నాటుకోగానే హెచ్‌సీజీ అనే హార్మోను వదులుతుంది. నెల తప్పినప్పుడు మూత్రపరీక్ష స్ట్రిప్పు మీద రెండో గీత తెప్పించేది అదే.

పిండం రాకపోతే? పగిలిన బుడగ చోట పసుపురంగు కణజాలం ఒకటి ఏర్పడి, పొరను నిలబెట్టే ప్రొజెస్టిరోన్‌ను దాదాపు రెండు వారాలు ఇస్తుంది. తర్వాత ఎండిపోతుంది. హార్మోను పడిపోతుంది, పొర జారిపోతుంది, అదే నెలసరి. పోయేది చెడురక్తం కాదు. మన ఒంట్లో తిరిగే రక్తమే, బిడ్డకోసం వేసిన పొరే. మామూలుగా 30 నుంచి 80 మిల్లీలీటర్లు పోతుంది. మైలని బయట కూర్చోబెట్టిన ఇళ్ళలోనే పిల్ల సమర్తాడితే నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం చూశాను. నువ్వుల్లో ఇనుమూ కాల్షియమూ ఉన్నాయి, మన అమ్మమ్మలు పెట్టింది మంచి తిండే. ఆ మంచిని ఉంచుకుని మైలను వదిలేయొచ్చు.

ఇప్పుడు ఆవిడ అసలు బాధ సంగతి. నెలసరి ఎక్కువ అవుతోంది. ఎక్కువంటే ఎంత? గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా తడిసిపోతోందా, పదిరూపాయల బిళ్ళంత గడ్డలు పడుతున్నాయా, వారం దాటుతోందా అని అడగాలి. కారణం ఒక్కోసారి గర్భసంచిలో గడ్డలు. ఒక్కోసారి నెలనెలా అండం విడుదల కాకపోవడం, అప్పుడు ప్రొజెస్టిరోన్ లేక పొర అదుపు తప్పి పెరుగుతుంది. థైరాయిడ్ తగ్గినా అంతే. అంటే తప్పు మెడలోని గ్రంథిదైతే, అవస్థ సంచి ద్వారా బయటపడుతుంది. థైరాయిడ్ పరీక్ష చేయకుండా, హిమోగ్లోబిన్ చూడకుండా సంచి తీసేయడం నాకు అర్థం కాదు. రక్తం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, హార్మోను మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టి అయిదేళ్ళకు పైగా పనిచేసే హార్మోను పరికరం ఉంది. చిన్న గడ్డల్ని విడిగా తీయొచ్చు. ఇవేవీ పనిచేయనప్పుడే కత్తి.

తీసేసిన తర్వాత ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆస్పత్రుల్లో తీరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ. అండాశయాలు ఉంచి సంచి మాత్రమే తీసినా, అండాశయానికి వెళ్ళే రక్తంలో కొంత గర్భసంచి రక్తనాళం మీదుగానే వస్తుంది కాబట్టి, అవి కొంత ముందుగా అలసిపోయే అవకాశం ఉంది. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ మర్నాడే వచ్చినట్టు. సహజంగా మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకు వచ్చేది, 34 ఏళ్ళ అమ్మాయికి ఒక్క రాత్రిలో వస్తుంది. ఒళ్ళు మంటలు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఆ తర్వాత ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ప్రమాదం పెరగడం. ఈస్ట్రోజెన్ పిల్లల్ని కనడానికి మాత్రమే కాదు, ఎముకకూ రక్తనాళానికీ కావాలి. మీ డిశ్చార్జి కాగితం తీసి చూడండి. "టీఏహెచ్" అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారు. "టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ" అని ఉంటే రెండు ట్యూబులూ రెండు అండాశయాలూ కూడా పోయాయి. మిరపకాయలు కోయడానికి పోలేకపోతున్నాను, కీళ్ళు పట్టేస్తున్నాయని చెప్పుకునే ఎంతోమందికి ఆ మూడు అక్షరాలు తమ కాగితంలో ఉన్నాయన్న సంగతే తెలియదు.

గర్భసంచికీ అండాశయానికీ తేడా చెప్పడానికి గుంటూరులో జరిగిన ఒక కాన్పు నాకు బాగా పనికొచ్చేది. 2019 సెప్టెంబర్ 5న తూర్పుగోదావరి జిల్లాకు చెందిన, 70 దాటిన ఒకావిడ అక్కడ సిజేరియన్‌తో కవల ఆడపిల్లల్ని కన్నది. ప్రపంచమంతా వార్త అయింది. ఆవిడకు ముట్లుడిగి దశాబ్దాలు. అండాశయంలో అండం లేదు. మరి ఎలా? అండం దాత ఇచ్చింది, వీర్యం భర్తది, పిండం ల్యాబులో తయారైంది. హార్మోను మందులు ఇచ్చేసరికి ఆవిడ గర్భసంచి మళ్ళీ పొర వేసింది, ఇద్దరు పిల్లల్ని మోసింది. అండానికి వయసు ఉంది, సంచికి ఉన్నది హార్మోన్ల మీద ఆధారం. శాస్త్రం ఎంత చేయగలదో అది చూపించింది కానీ, ఆ వయసులో బీపీ, గుండె మీద పడే భారం తలచుకుంటే అలా జరగకుండా ఉండాల్సిందనే నాకనిపించింది. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ఈ వైద్యానికి స్త్రీలకు 50, పురుషులకు 55 ఏళ్ళ హద్దు పెట్టింది. అది మంచి పని.

ఇంతసేపూ ఆడవాళ్ళ గురించే మాట్లాడాను. మా ఊళ్ళోనూ అంతే, పిల్లలు కాకపోయినా ఆడదాన్నే తిప్పుతారు, ఎక్కువైనా ఆడదానికే ఆపరేషన్. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపూ కారణం ఉంటుంది. వృషణాలు పొట్ట లోపల కాకుండా బయట సంచిలో ఉండటానికి కారణముంది. వీర్యకణాలు తయారవడానికి ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలి. బాయిలర్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర, బేకరీ పొయ్యిల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసే మగవాళ్ళు మా ప్రాంతంలో చాలామంది. ఎక్కువ కాలం వేడి తగిలితే వీర్యకణాలు తగ్గొచ్చు. ఒక కణం తయారవడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. కాబట్టి సిగరెట్టో మందో మానేసి నెలకే పరీక్ష చేయించుకుని నిరాశపడకూడదు, మూడు నెలలాగాలి. పరీక్షేమో ఒక చిన్న డబ్బాలో నమూనా ఇస్తే అయిపోతుంది. అది చేయించకుండా కోడలికి లాప్రోస్కోపీ దాకా వెళ్ళిన ఇళ్ళు నాకు తెలుసు.

పిల్లలు చాలనుకున్నాక మగవాళ్ళకు చేసే వేసెక్టమీ ఆపరేషన్ అంటే మగతనం పోతుందని భయం. అది ఎక్కడ కోస్తారో తెలిస్తే భయం ఉండదు. వీర్యకణాలు వృషణం నుంచి ఎపిడిడిమిస్ అనే చుట్టలు తిరిగిన గొట్టంలోకి వెళ్తాయి, సాగదీస్తే ఆరు మీటర్లుంటుంది అది. అక్కడ పక్వానికి వచ్చి వీర్యనాళం ఎక్కుతాయి. వేసెక్టమీలో ఆ నాళం ఒక్కటే కట్ చేస్తారు. మగతనానికి కారణమైన టెస్టోస్టిరోన్ నాళంలో పోదు, నేరుగా రక్తంలోకి వెళ్తుంది. వీర్యంలో ఎక్కువ భాగం ప్రోస్టేట్, దాని వెనకున్న గ్రంథుల నుంచి వచ్చేదే కనుక చూడటానికి తేడా కూడా ఉండదు. పొట్ట తెరవనక్కర్లేదు, అరగంటలోపు పని. మూడు నెలలు మాత్రం జాగ్రత్త పడి తర్వాత పరీక్ష చేయించుకోవాలి. అయినా 2019–21 సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 70 శాతం దాకా ట్యూబులు కట్టించుకున్నవాళ్ళే. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని సాధించే అత్తగార్లకు కూడా ఒక మాట. అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. వై ఇవ్వాల్సింది మీ అబ్బాయి.

ఇవన్నీ తెలుగులో చెప్పడం ఇప్పటి పని కాదు. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెడితే, ఆయన కూతురు డాక్టర్ అచ్చమాంబ స్త్రీల వైద్యురాలై 'ప్రసూతి–శిశుపోషణ' అనే పుస్తకం రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచింది ఆవిడే. ఆ విజయవాడకు కూతవేటు దూరంలో, ఇన్నేళ్ళ తర్వాత, బడిలో జీవశాస్త్రం పుస్తకంలోని ప్రత్యుత్పత్తి పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేస్తున్నారంటే మనసు కలుక్కుమంటుంది. ఇంటి దగ్గర చెప్పేదెవరు?

క్యాన్సర్ భయం గురించి చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే ఎక్కువమంది సంతకం పెట్టేది ఆ మాటకే. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. వైరస్ సోకినప్పటి నుంచి క్యాన్సర్ దాకా మామూలుగా ఏళ్ళు పడుతుంది, ఆ మధ్యలో పట్టుకోవచ్చు. ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ యాసిడ్ రాసి రంగు మారుతుందేమో చూసే వీఐఏ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, అయిదు నిమిషాల పని. పాప్‌స్మియర్ ఉంది, హెచ్‌పీవీ పరీక్ష ఉంది. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషీ చేయించుకోవాలి. తొలిదశ మార్పులను ముఖద్వారం వరకే కాల్చో గడ్డకట్టించో తీసేయొచ్చు, సంచి జోలికి పోనక్కర్లేదు. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు టీకా ఉంది.

అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి అడగడం మీ హక్కు, డాక్టరును అవమానించడం కాదు. నా రక్తస్రావానికి కారణం ఏమిటి, థైరాయిడ్ చూశారా, మందులు ఎన్ని నెలలు వాడి చూశాం, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని అడగండి. క్యాన్సర్ అంటే ఏ పరీక్షలో తేలిందో బయాప్సీ కాగితం చూపించమనండి. ఆపరేషన్ అత్యవసరం కాకపోతే ఒక వారం గడువు తీసుకుని విజయవాడ పెద్దాసుపత్రి గైనిక్ ఓపీలో ఇంకో డాక్టరుకు ఆ కాగితాలే చూపించండి. స్కానింగ్‌కి వెళ్ళేముందు చివరి ముట్టు ఎప్పుడయిందో తేదీ రాసిపెట్టుకుని వెళ్ళండి, ఆ తేదీ లేకపోతే కాగితంలోని సగం అంకెలకు అర్థం ఉండదు. వెళ్ళేటప్పుడు మీ ఆయన్నీ తీసుకెళ్ళండి, బయట బల్ల మీద కూర్చోబెట్టడానికి కాదు, లోపలికి.